పేర్లు చెప్పినవాడు

1983 మార్చిలో 'న్యూయార్క్ నేటివ్' అనే చిన్న పత్రికలో ఒక పొడుగాటి వ్యాసం వచ్చింది. శీర్షికలోనే ఒక అంకె ఉంది: 1,112. ఎయిడ్స్ ముదిరినట్టు అప్పటిదాకా లెక్కకెక్కినవాళ్ళ సంఖ్య అది. వాళ్ళలో 418 మంది అప్పటికే పోయారు. రాసినాయన మేయర్ని తిట్టాడు, డాక్టర్లని తిట్టాడు, పత్రికలని తిట్టాడు, తనలాంటి గే మగవాళ్ళని కూడా వదల్లేదు. చివరికొచ్చేసరికి తను ఎరిగినవాళ్ళలో చనిపోయిన ఇరవై మంది పేర్లు వరసగా రాశాడు. కొందరివి ఇంటిపేరుతో సహా ఉన్నాయి. కొందరివి పిలుపుపేర్లే. ఒకచోట అసలు పేరే లేదు. 'జెడ్' అని ఒక్క అక్షరం, పక్కన చుక్క. వరస అయ్యాక, ఈ మాటలు అచ్చయ్యేలోపు పోబోయేవాడు ఇంకొకడున్నాడని రాశాడు.

ఆయన పేరు లారీ క్రేమర్. నవలాకారుడు, నాటకకర్త, అమెరికాలో ఎయిడ్స్ పోరాటానికి గొంతు. 2020 మే 27న, 84 ఏళ్ళ వయసులో, న్యుమోనియాతో పోయాడు. అప్పుడు మనం లాక్‌డౌన్‌లో ఉన్నాం. టీవీ పెడితే అమెరికా డాక్టర్ ఆంథొనీ ఫౌచీ కనిపిస్తుండేవాడు. ఒకప్పుడు ఆ ఫౌచీని హంతకుడన్న మనిషి పోయాడనీ, ఫౌచీ ఆయన కోసం బాధపడుతున్నాడనీ ఎక్కడో చదివి, ఎవరీయన అని వెతుక్కుంటూ వెళ్ళి ఆ పాత వ్యాసం పట్టుకున్నాను. పేర్ల వరసలో జెడ్ దగ్గర ఆగిపోయాను. ఆ రాత్రి ఇంక ముందుకు చదవలేదు.

ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా బాబాయి 2002లో పోయాడు. గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో సినిమా హాల్లో ఆపరేటర్. నాకు రీలు చుట్టడం నేర్పింది ఆయనే. ముందు జ్వరం, తర్వాత విరేచనాలు, ఆర్నెల్లలో మనిషి సగమయ్యాడు. ఆస్పత్రిలో వార్డు చివర, బాత్రూమ్ పక్కన మంచం ఇచ్చారు. కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో పెద్ద అక్షరాలు రాసి, అందరికీ కనపడేలా మంచానికి తగిలించారు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. రోజూ క్యారేజీ తీసుకెళ్ళేది నేనే. ఆ అక్షరాలు నేను చదివానని బాబాయికి తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలుసు. ఇద్దరం సినిమాల గురించే మాట్లాడుకునేవాళ్ళం.

ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. చుట్టాలకి టీబీ అని చెప్పాం. మాలో మేము మాట్లాడుకున్నా 'ఆ జబ్బు' అనేవాళ్ళం. పిన్ని రక్తపరీక్ష వేరే ఊళ్ళో, వేరే పేరుతో చేయించారు. నెగటివ్ వచ్చింది. బాబాయి కంచం, గ్లాసు విడిగా ఉండేవి. పెద్దకర్మ అయిన మర్నాడు మా నాయనమ్మ వాటిని పాత గుడ్డలో చుట్టి ఎక్కడో పూడ్చి వచ్చింది. ఆ తర్వాత ఒకటి రెండేళ్ళకి రాష్ట్రమంతా హోర్డింగులు వెలిశాయి, 'పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?' అని. ఎవరీ పులిరాజా అని బస్సుల్లో, టీకొట్లలో జనం తెగ మాట్లాడుకున్నారు. లేని మనిషి పేరు పెట్టుకుని ఊరూవాడా ఆ జబ్బు గురించి మాట్లాడింది. ఉన్న మనిషి పేరు మాత్రం మా ఇంట్లో గోడ మీద ఫోటో కింద కూడా రాయలేదు.

క్రేమర్ మంచివాడా, చెడ్డవాడా అని ఆయన పోయినప్పుడు అక్కడ చాలా చర్చ జరిగింది. లక్ష్యం మంచిదే గానీ నోరు మంచిది కాదన్నారు చాలామంది. నేను ఒప్పుకోలేను. ఆయన చేసిన పనికీ ఆయన నోటికీ మధ్య గీత గీయలేం. ఆ నోరే ఆయన పని.

ఆయన 1935లో కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రికి ఈ కొడుకంటే పడేది కాదు. 1953లో యేల్ యూనివర్సిటీలో చేరాడు. ఇంత పెద్ద క్యాంపస్‌లో ఇలాంటివాణ్ణి నేనొక్కడినే అనుకుని, మొదటి ఏడాదే ఆస్పిరిన్ మాత్రలు మింగాడు. బతికాడు. తర్వాత సినిమాల్లోకి వెళ్ళాడు. డి.హెచ్. లారెన్స్ నవలకి ఆయన రాసిన స్క్రీన్‌ప్లే ఆస్కార్ నామినేషన్ దాకా పోయింది. 1973లో మరో సినిమాకి రాశాడు. అది ఘోరంగా ఆడింది, కానీ దాని డబ్బుని అన్న ఆర్థర్ జాగ్రత్తగా మదుపు చేయడంతో జీవితాంతం ఎవరి కిందా పనిచేయాల్సిన అవసరం లేకుండా పోయింది. ఇది చిన్న విషయం కాదు. ఉద్యోగం పోతుందనే భయం లేని మనిషి మాట వేరేగా ఉంటుంది. ఆయన పక్కన నిలబడిన చాలామందికి ఆ వెసులుబాటు లేదు.

1978లో 'ఫాగట్స్' అనే నవల వేశాడు. గే మగవాళ్ళని తిట్టడానికి అమెరికన్లు వాడే బూతుమాటే దాని పేరు. మాన్‌హాటన్‌లోనూ ఫైర్ ఐలండ్ బీచ్‌లోనూ రాత్రికో మనిషి చొప్పున వెతుక్కుంటూ, ప్రేమంటే మాత్రం పారిపోయే మగవాళ్ళ కథ. అందులో హీరో ఒకే ఒక్కడి ప్రేమ కోసం తపించిపోతాడు. గే లోకం మండిపడింది. ఊళ్ళో ఉన్న ఒక్క గే పుస్తకాల షాపు ఆ నవలని అల్మారాలోంచి తీసేసింది. తెలిసినవాళ్ళు ముఖం తిప్పుకున్నారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. పోలీసుల దెబ్బలు తిని, ఇళ్ళలోంచి వెళ్ళగొట్టించుకుని, చివరికి నలుగురు కలిసి ఊపిరి పీల్చుకునే చోటు ఒకటి సంపాదించుకున్నారు. అక్కడికి తమవాడే వచ్చి, మీరు బతికే తీరు బాగాలేదంటే ఎవరికైనా మంటగా ఉంటుంది.

మూడేళ్ళు గడిచాయి. 1981 జులై 3న న్యూయార్క్ టైమ్స్ లోపలి పేజీలో వార్త: 41 మంది గే మగవాళ్ళలో అరుదైన క్యాన్సర్. ఆగస్టు 11న క్రేమర్ తన ఇంటికి దాదాపు 80 మందిని పిలిచాడు. ఆల్విన్ ఫ్రీడ్‌మన్-కీన్ అనే డాక్టర్ వచ్చి తను చూస్తున్నది చెప్పాడు. అక్కడే చందాలు పట్టారు, 6,635 డాలర్లు పోగయ్యాయి. 1982 జనవరిలో ఆరుగురు కలిసి 'గే మెన్స్ హెల్త్ క్రైసిస్' పెట్టారు. ఎయిడ్స్ రోగులకి అండగా ప్రపంచంలో పుట్టిన తొలి సంస్థల్లో అదొకటి. ఎవరూ ముట్టని రోగులకి వంట చేసిపెట్టడం, ఫోన్‌లో ధైర్యం చెప్పడం, ఆస్పత్రికి తోడెళ్ళడం దాని పని.

జబ్బు ఎలా అంటుతుందో ఇంకా తెలియని ఆ రోజుల్లోనే క్రేమర్, కొన్నాళ్ళు సెక్స్ ఆపండి అన్నాడు. వీడి పాత పాటే ఇది, నవల్లో తిట్టాడు, ఇప్పుడు జబ్బు పేరు చెప్పి తిడుతున్నాడు అన్నారు. నిజం చెప్పిన మనిషిని అప్పటికే వెలివేసి ఉన్నారు కాబట్టి నిజం కూడా వెలిలోనే ఉండిపోయింది. అయితే, ముందే వెలిపడ్డవాడు కాబట్టే ఆ మాట అనగలిగాడేమో అని కూడా అనిపిస్తుంది. అందరికీ ఇష్టుడైనవాడు అందరి ముందూ అంత మాట అనలేడు.

సంస్థలో కూడా ఆయన ఇమడలేదు. మిగతావాళ్ళు మేయర్‌తో మంచిగా ఉండి నిధులు తెచ్చుకోవాలన్నారు. క్రేమర్ మేయర్ ఎడ్ కాచ్‌ని వీధిలో నిలబెట్టి అడగాలన్నాడు. 1983లో బయటికొచ్చేశాడు. ఆ గొడవే రెండేళ్ళకి 'ది నార్మల్ హార్ట్' నాటకమైంది. అందులో నన్ను వదలని ఘట్టం ఒకటుంది. ఆహ్వానాలు పోస్టు చేయాలి. కవరు మీద పంపినవారి చిరునామాలో 'గే' అనే మాట ఉండకూడదని సంస్థ అధ్యక్షుడు పట్టుబడతాడు. పోస్ట్‌మ్యాన్ చూస్తాడు, ఇంట్లోవాళ్ళు చూస్తారు అని. అతను పిరికివాడు కాదు, సైన్యంలో పనిచేసినవాడు. అయినా ఆ ఒక్క మాట కవరు మీద ఉంటే అతనికి కాళ్ళు వణుకుతాయి. ఆ పాత్రకి మూలమైన పాల్ పోఫమ్ 1987లో ఎయిడ్స్‌తోనే చనిపోయాడు. అంతకుముందు అతనూ క్రేమరూ ఫోన్‌లో రాజీపడ్డారు. అది చదివినప్పుడు నాకు పిన్ని రక్తపరీక్ష చీటీ మీద రాసిన వేరే పేరు గుర్తొచ్చింది.

1985 ఏప్రిల్‌లో న్యూయార్క్ పబ్లిక్ థియేటర్‌లో ఆ నాటకం మొదలైంది. స్టేజీ గోడలకి తెల్లసున్నం వేసి, వాటి మీద నల్లరంగుతో లెక్కలు రాశారు. ఎంతమందికి సోకింది, ఎంతమంది పోయారు, ఏ పత్రిక ఎన్నిసార్లు రాసింది. 1982లో షికాగోలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మాత్రల్లో విషం కలిపితే ఏడుగురు చనిపోయారు. మూడు నెలల్లో న్యూయార్క్ టైమ్స్ దాని మీద 54 సార్లు రాసింది. ఎయిడ్స్ మొదలైన తొలి 19 నెలల్లో ఎయిడ్స్ గురించి రాసింది 7 సార్లు. ఇది తిట్టు కాదు, లెక్క. క్రేమర్ కోపం గురించి మాట్లాడేవాళ్ళు ఈ లెక్కల సంగతి ఎత్తరు. ఆయన ఎప్పుడూ చేతిలో కాగితం పట్టుకునే అరిచాడు.

ఇంకో సంగతి. ఆయన ఎప్పుడూ 'వ్యవస్థ' అని, 'ప్రభుత్వం' అని తిట్టి ఊరుకోలేదు. వ్యవస్థని తిడితే ఎవరికీ తగలదు. ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటారు. క్రేమర్ మనిషిని పేరు పెట్టి పిలిచేవాడు. ఫలానా మేయర్, ఫలానా ఎడిటర్, ఫలానా ఆఫీసర్, నీ బల్ల మీద ఫలానా తేదీ నుంచి ఈ కాగితం ఉంది, ఈలోగా ఇంతమంది పోయారు. పదవి దిగిపోయాక కాచ్ వచ్చి ఫిఫ్త్ అవెన్యూలో క్రేమర్ ఉండే బిల్డింగ్‌లోనే ఇల్లు తీసుకున్నాడు. ఒకరోజు కింద ఎదురుపడి, క్రేమర్ కుక్కపిల్లని ముద్దు చేయబోయాడు. క్రేమర్ దాన్ని వెనక్కి లాక్కుని, నాన్న స్నేహితులందర్నీ చంపినవాడు ఇతనేనని దానికి చెప్పాడు. ఈ కథ చెప్పుకుని చాలామంది నవ్వుకుంటారు. నాకు నవ్వు రాదు. పోయినవాళ్ళని లెక్కపెట్టుకుంటూ బతికిన మనిషికి, అదే లిఫ్టులో ఎక్కే పొరుగువాడితో వాతావరణం గురించి మాట్లాడటం ఎలా సాధ్యం?

1987 మార్చి 10న న్యూయార్క్‌లోని గే, లెస్బియన్ సెంటర్‌లో మాట్లాడాల్సిన రచయిత్రి రాలేకపోతే ఆ చోటు క్రేమర్‌కిచ్చారు. హాల్లో ఉన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మందిని లేచి నిలబడమన్నాడు. ఇంకో ఐదేళ్ళలో మీరంతా పోయి ఉండొచ్చు అన్నాడు. మరి మనం ఏం చేయబోతున్నాం అని అడిగాడు. రెండు రోజుల తర్వాత యాక్ట్ అప్ అనే ఆందోళన బృందం పుట్టింది. మార్చి 24న వాల్ స్ట్రీట్‌లో రోడ్డు మీద కూర్చున్నారు, 17 మంది అరెస్టయ్యారు. ఆ నెలలోనే ఏజెడ్‌టీ అనే తొలి మందుకి అనుమతి వచ్చింది. ధర ఏడాదికి దాదాపు 10,000 డాలర్లు. 1989 సెప్టెంబరులో కుర్రాళ్ళు కొందరు స్టాక్ ఎక్స్చేంజిలోకి దూరి, గొలుసులతో తమని తాము బాల్కనీకి కట్టేసుకున్నారు. కొద్ది రోజుల్లోనే ఏజెడ్‌టీ తయారుచేసే కంపెనీ ధర 20 శాతం తగ్గించింది.

మా మిత్రుడొకడు డాక్టర్. అతనితో ఈ విషయం మీద చాలాసార్లు వాదులాడాను. 'నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది రా. సైన్స్ ఎలాగూ ముందుకెళ్ళేది. ఈయన అరవకపోయినా మందులు వచ్చేవే' అంటాడు. అతని మాటలో కొంత నిజముంది. వైరస్‌ని కనిపెట్టింది ఫ్రాన్స్‌లోనూ అమెరికాలోనూ ల్యాబుల్లో కూర్చున్నవాళ్ళు. 1996లో మూడు మందులు కలిపి వాడితే రోగి మంచం మీదనుంచి లేస్తాడని తేల్చింది కూడా శాస్త్రవేత్తలే. కానీ 1983 న్యూయార్క్‌లో మంచి నోళ్ళకి కరువు లేదు. ఊరు మంచిదవలేదు. అమెరికా అధ్యక్షుడు రేగన్ ఎయిడ్స్ మీద తన తొలి పెద్ద ప్రసంగం చేసేసరికి 1987 మే నెలాఖరైంది. అప్పటికి 20 వేలమందికి పైగా పోయారు. మందు ఎలాగూ వచ్చేదే అన్నప్పుడు, ఎప్పటికి, ఎవరు బతికుండగా అని కూడా అడగాలి. మూడేళ్ళు ముందొచ్చిన మందు, మూడేళ్ళు ఆలస్యంగా వచ్చిన మందు కెమిస్ట్రీలో ఒకటే కావచ్చు. మంచం మీద ఉన్నవాడికి ఒకటి కాదు. మా బాబాయి 2002లో పోయాడు. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. ఈ తేడా నాకు వేళ్ళ మీద తెలుసు.

పైగా యాక్ట్ అప్ అంటే అరుపులే కాదు. మా డాక్టర్ మిత్రుడికి నేను ఎప్పుడూ చెప్పేది ఐరిస్ లాంగ్ గురించి. ఆమె గే కాదు, రోగి కాదు. క్వీన్స్‌లో ఉండే గృహిణి, అంతకుముందు మందుల కంపెనీల్లో కెమిస్ట్‌గా చేసింది. ఒకరోజు మీటింగ్‌కి వచ్చి, మీకు మందులు ఎలా తయారవుతాయో, వాటిని మనుషుల మీద పరీక్షించే ట్రయల్స్ ఎలా జరుగుతాయో తెలియకుండా అరుస్తున్నారు, రండి చెప్తాను అంది. బార్లలో పనిచేసే కుర్రాళ్ళు, నటులు, చదువు మధ్యలో ఆపేసినవాళ్ళు నోటుబుక్కులు తెచ్చుకుని కూర్చున్నారు. ఇమ్యునాలజీ చదివారు. మందులకి అనుమతిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఫారాలు చదివారు. 1988 అక్టోబరు 11న రాక్‌విల్‌లోని ఎఫ్‌డీఏ ఆఫీసుని చుట్టుముట్టినప్పుడు వాళ్ళ చేతిలో నినాదాల అట్టలతో పాటు, ట్రయల్స్‌లో ఏ రూలు ఎలా మార్చాలో వివరంగా రాసిన పత్రాలు కూడా ఉన్నాయి. చావుబతుకుల్లో ఉన్నవాడికి ఉత్తుత్తి మాత్రలిచ్చి మందు పనితీరు కొలవడం న్యాయమేనా, ట్రయల్‌లో చోటు దొరకనివాడికి అదే మందు పక్కదారిన ఎందుకివ్వకూడదు అని అడిగారు. తర్వాత డీడీఐ అనే మందు సరిగ్గా అలాగే ట్రయల్ బయటున్నవాళ్ళకి అందింది.

నేను పదిహేనేళ్ళుగా హైదరాబాద్ శివార్లలో ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. ట్రయల్ ప్రొటోకాల్‌లో ఒక లైను మారాలంటే ఎన్ని సంతకాలు కావాలో నాకు తెలుసు. బయటివాళ్ళు, అందులోనూ రోగులు వచ్చి ఆ లైను మార్పించారంటే అది ఎంత పెద్ద సంగతో మా రంగంలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇవాళ ఏ పెద్ద జబ్బు మీద ట్రయల్ జరిగినా రోగుల తరఫున ఒకరు బల్ల దగ్గర కూర్చోవాలనే ఆలోచనకి ఎక్కువ బలం ఇచ్చింది ఆ కుర్రాళ్ళే.

ఫౌచీ కథ ఇక్కడికే వస్తుంది. 1988లో క్రేమర్ శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో, ప్రభుత్వం తరఫున ఎయిడ్స్ పరిశోధన నడిపిస్తున్న ఫౌచీకి బహిరంగ లేఖ రాశాడు. చేతకాని మూర్ఖుడివన్నాడు, హంతకుడివన్నాడు. ఇంకొకరైతే పరువునష్టం దావా వేసేవాళ్ళు. ఫౌచీ ఆ అరుపుల్ని పక్కన పెట్టి, అసలు వీళ్ళు అడుగుతున్నదేమిటని విన్నాడు. వింటే అందులో చాలా భాగం సబబుగానే ఉందని అనిపించిందని తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆందోళనకారుల్ని కమిటీల్లోకి పిలిచాడు. ఆ తిట్టినవాడూ తిట్టించుకున్నవాడూ ముప్పై ఏళ్ళు స్నేహితులుగా ఉన్నారు. అమెరికా వైద్యాన్ని క్రేమర్‌కి ముందు, క్రేమర్ తర్వాత అని రెండుగా చెప్పుకోవాలన్నది ఫౌచీయే. తిట్టు తగిలినా లోపలి మాట వినగలిగిన ఆఫీసర్లు మనకెంతమంది ఉన్నారని ఆలోచిస్తే నాకు దిగులేస్తుంది. తిట్టగలిగినవాళ్ళూ తక్కువే.

క్రేమర్ అన్నిటా ఒప్పని నేను చెప్పడం లేదు. ఎయిడ్స్‌ని ఆయన హోలోకాస్ట్ అన్నాడు, అంటే నాజీలు యూదుల్ని ఊచకోత కోసినట్టని. యూదుడు, నాజీల దాఖౌ శిబిరం చూసి వచ్చి కదిలిపోయి నాటకం రాసినవాడు, ఆ మాట బరువు తెలిసే వాడాడు. అయినా చంపాలని పథకం వేయడం, చస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఒకటి కాదు. రెండోది కూడా ఘోరమే, దానికి దాని పేరే పెట్టాలి. పేర్ల విషయంలో అంత పట్టింపున్న మనిషి ఇక్కడ తప్పు పేరు పెట్టాడని నా ఉద్దేశం. 1989 డిసెంబరులో యాక్ట్ అప్ వాళ్ళు సెయింట్ పాట్రిక్స్ చర్చిలో పూజ మధ్యలో గొడవ చేశారు. ఒకతను ప్రసాదంగా ఇచ్చిన అప్పాన్ని నలిపి కింద పడేశాడు. 111 మంది అరెస్టయ్యారు. అక్కడి చర్చి పెద్ద అయిన కార్డినల్ కండోమ్‌లకి అడ్డుపడుతున్నాడన్న కోపం న్యాయమైనదే. కానీ ఆ రోజు చర్చిలో మోకాళ్ళ మీద కూర్చున్న ముసలివాళ్ళు ఆ కోపానికి గురి కావాల్సినవాళ్ళు కారు.

ఇంకా పెద్ద తప్పు 2014లో చేశాడు. రోజుకో మాత్ర వేసుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పద్ధతి వచ్చాక, అలా మాత్ర వేసుకోవడంలో ఏదో పిరికితనం ఉందన్నాడు. నాకు ఒళ్ళు మండింది. జీవితమంతా మందుల కోసం కొట్లాడినవాడు, రాని జబ్బుకి మందు వేసుకునే కుర్రాణ్ణి సిగ్గుపడేలా చేయడమేమిటి? కోరికంటే ఆయనకున్న పాత అనుమానం, 1978 నవల్లో ఉన్నదే, చివరిదాకా పోలేదు. తనవాళ్ళని ప్రేమించాడు, వాళ్ళ సుఖాన్ని మాత్రం పూర్తిగా నమ్మలేకపోయాడు. ఆయన చెప్పే కథల్లో ఆడవాళ్ళూ నల్లజాతివాళ్ళూ తక్కువ. నిజానికి ఆడవాళ్ళకొచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఎయిడ్స్ నిర్వచనంలో చేర్చాలని యాక్ట్ అప్‌లోని స్త్రీలు ఏళ్ళతరబడి పోరాడితే 1993లో ఆ మార్పు వచ్చింది. ఆ నిర్వచనంలో లేకపోతే ప్రభుత్వ సాయం కూడా లేదు. ఆ విజయం క్రేమర్‌ది కాదు, వాళ్ళది.

మన దేశంలో కూడా పేరు చెప్పినవాళ్ళు ఉన్నారు. గోవాలో డొమినిక్ డిసౌజా రక్తదానం చేస్తే పరీక్షలో పాజిటివ్ అని తేలింది. 1989లో పోలీసులు పట్టుకెళ్ళి 64 రోజులు నిర్బంధంలో ఉంచారు. బయటికొచ్చి తన పేరుతో, తన ముఖంతో కోర్టుకెళ్ళాడు, ఊరూరా మాట్లాడాడు. 1992లో పోయాడు. 2001లో లక్నోలో గే మగవాళ్ళకి ఎయిడ్స్ గురించి చెప్పి కండోమ్‌లు పంచుతున్నవాళ్ళని, గే సంబంధాల్ని నేరంగా చూసే 377 సెక్షన్ పేరు చెప్పి జైల్లో పెట్టారు. మా బాబాయి మంచం పట్టడానికి కొద్ది నెలల ముందు సంగతి అది. ఆ సెక్షన్‌లో ఆ భాగాన్ని సుప్రీంకోర్టు కొట్టేయడానికి 2018 సెప్టెంబరు 6 దాకా పట్టింది. బాబాయికి జబ్బు ఎలా వచ్చిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు లేదు. ఎలా వచ్చిందని అడిగే ప్రశ్నతోనే మనిషిని వార్డు చివరికి నెట్టడం మొదలవుతుంది.

క్రేమర్‌కి తనకీ హెచ్‌ఐవీ ఉందని 1988లో తెలిసింది. హెపటైటిస్ బీ కూడా ఉంది. స్నేహితులందరూ పోతుంటే ఆయన మిగిలాడు. లివర్ పాడై, 2001 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌లో మార్పిడి జరిగింది. హెచ్‌ఐవీ ఉన్నవాడికి లివర్ ఇవ్వడం దండగనుకునే రోజులవి. ప్రయోగదశలో ఉన్న మందు ఆయనకి అందడంలో ఫౌచీ సాయం ఉంది. ఒక వార్తాసంస్థ పొరపాటున చనిపోయాడని రాసేసింది కూడా. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికాడు. నవల్లో ఏ మనిషి కోసం హీరో అంతగా తపించాడో, ఆ పాత్రకి మూలమైన డేవిడ్ వెబ్‌స్టర్ ఎన్నో ఏళ్ళకి తిరిగొచ్చాడు. 2013 జులైలో ఆస్పత్రి ఐసీయూలో, మంచం మీద పడుకునే క్రేమర్ అతన్ని పెళ్ళి చేసుకున్నాడు.

2001 ఫిబ్రవరిలో ముంబైకి చెందిన మందుల కంపెనీ సిప్లా, మూడు హెచ్‌ఐవీ మందుల కలయికని ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామంది. రోజుకి డాలర్ లోపు. పాశ్చాత్య కంపెనీలు అదే పనికి ఏడాదికి పది వేల డాలర్ల పైన తీసుకుంటున్న కాలమది. మందు మీద కాక తయారీ పద్ధతి మీదే పేటెంటు ఇచ్చే 1970 నాటి మన చట్టం వల్ల అది కుదిరింది. దానికి ముందు, 1999లో, ఆఫ్రికాకి చవక మందులు వెళ్ళకుండా ఒత్తిడి తెస్తున్న అమెరికా ప్రభుత్వాన్ని, అప్పటి ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఎన్నికల సభల్లోకి దూరి నిలదీసినవాళ్ళలో యాక్ట్ అప్ వాళ్ళున్నారు. ఇప్పుడు హైదరాబాద్ చుట్టూ ఉన్న హెటిరో, అరబిందో లాంటి కంపెనీల నుంచి హెచ్‌ఐవీ మందులు ఆఫ్రికా దేశాలకి వెళ్తుంటాయి. మా కంపెనీలో నేను సంతకం పెట్టే బ్యాచ్ రికార్డుల్లో లామివుడిన్, టెనోఫోవిర్ అనే హెచ్‌ఐవీ మందులు తరచూ ఉంటాయి. డబ్బా మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ. అవి సరిచూసేటప్పుడు అప్పుడప్పుడు చేయి ఆగుతుంది. ఇవే మాత్రలు రెండేళ్ళు ముందు మా టౌన్‌కి వచ్చి ఉంటే అనుకుంటాను.

ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు మా బాబాయి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పైనే రాయాలనుకున్నాను. క్రేమర్ గురించి ఇంత రాసి అది దాచడం సిగ్గుగా అనిపించింది. పోయిన ఆదివారం పిన్నికి ఫోన్ చేసి అడిగాను. ఏం రాస్తున్నావన్నారు. ఎవరో అమెరికా ఆయన గురించి పిన్నీ, చచ్చిపోయిన స్నేహితుల పేర్లన్నీ పత్రికలో రాశాడు అని చెప్పాను. ఆయన ఇంట్లోవాళ్ళు ఏమీ అనలేదా అని అడిగారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. 'వద్దు నాన్నా, చిన్నదానికి సంబంధాలు చూస్తున్నాం' అన్నారు. చిన్నది అంటే మనవరాలు, బాబాయి పోయాక పుట్టింది. నేను సరేనన్నాను. ఫోన్ పెట్టేయబోతుంటే, ఆ అమెరికా ఆయన అందరి పేర్లూ పూర్తిగా రాశాడా అని మళ్ళీ అడిగారు. ఒక పేరు ఉత్త అక్షరంతో వదిలేశాడని చెప్పాను.

'అయితే అలా రాయి' అన్నారు.

ర.